బీ సైడు చివర ఐదు నిమిషాలు

నా పొడవు దాదాపు ఎనభై ఆరు మీటర్లు. వెడల్పు నాలుగు మిల్లీమీటర్లు కూడా ఉండదు. ఇంత పొడుగుదాన్ని అరచేతిలో ఇమిడే డబ్బాలో చుట్టి పెట్టారు. సి-60 అంటారు నన్ను. సైడుకు ముప్పై నిమిషాలు. ఫిలిప్స్ వాళ్ళు 1963లో మా జాతిని లోకానికి చూపించారు. ప్లాస్టిక్ పట్టీకి ఇనుప తుప్పు లాంటి పొడి పూసి, దానిమీద పాటను నిలబెట్టారు. తుప్పులో పుట్టినదానికి వంశం గొప్పలెందుకు గానీ, అసలు కథ సింహాద్రిపురంలో ఒక టైలరు అంగట్లో ఉంది.

ఆయన నన్ను ఖాళీగా కొని, బస్సెక్కించి పులివెందులలో పాటలు ఎక్కించే అంగడికి తీసుకుపోయాడు. దొంగ సరుకే, ఒప్పుకుంటాను. ఆ రోజుల్లో మాలో సగం మంది బతుకు అంతే.

“ఏమప్పా, మళ్ళా ఆయప్పవేనా? ఇళయరాజావి ఎక్కిస్తా, ఊరంతా నీ అంగడికాడే ఉంటాది.”

“ఉండేవాళ్ళు ఉండనీ. నాకు రమేష్ నాయుడే కావల్ల.”

అలా నా ఏ సైడు నిండా ‘మేఘసందేశం’ చేరింది. ఆ సినిమా సంగీతానికి 1982 సంవత్సరపు జాతీయ అవార్డు వచ్చింది. ఏసుదాసుకూ సుశీలకూ కూడా వచ్చాయి. అయినా చక్రవర్తి, ఇళయరాజా పేర్లు నోటికొచ్చినంత తొందరగా నాయుడి పేరు ఎవరికీ రాదని మా యజమాని మంట. బట్టలిచ్చిపోను వచ్చినవాళ్ళను కూర్చోబెట్టి మరీ చెప్పేవాడు. కొండపల్లిలో పుట్టినాడంట, చిన్నతనంలోనే బొంబాయికి పోయినాడంట, కలకత్తా తిరిగి మళ్ళా మన దగ్గరికి వచ్చినాడంట. “అందరూ ట్యూను కట్టి దాంట్లో మాటలు కుక్కుతారు. ఈయప్ప ముందు మాట రాయించుకుంటాడు, ఆపైన కొలత తీస్తాడు. మనిషిని చూడకుండా జాకెట్టు కుట్టేది యాడన్నా ఉంటాదా?” విన్నవాళ్ళు తలూపి, ప్యాంటు ఎప్పుడిస్తావని అడిగేవాళ్ళు.

ఏ సైడు నిండగానే నా వీపున ఒక మూల ఉండే చిన్న ప్లాస్టిక్ ముక్కను గోరుతో విరిచేశాడు. అది విరిగితే ఆ సైడు మీద ఎవరూ ఇంకేదీ ఎక్కించలేరు. బీ సైడు మాత్రం ఖాళీగా ఉంచాడు. తర్వాత వచ్చే వాటిలో మంచిదాని కోసమట. ‘ఆనందభైరవి’ వచ్చింది. దానికి వేరే క్యాసెట్టే కొన్నాడు. నన్ను దేనికోసం దాచాడో ఆయనకే తెలియదు.

1987లో ‘స్వయంకృషి’ వస్తోందని తెలిసింది. విశ్వనాథ్ సినిమా, చిరంజీవి చెప్పులు కుట్టే సాంబయ్య. కుర్రాళ్ళకు చిరంజీవి పిచ్చి. మా ఆయనకు పోస్టరు అడుగున చిన్నక్షరాల్లో ఉన్న పేరు పిచ్చి. ఆ వారంలో ఒక చొక్కాకు రెండు చేతులూ ఎడమవే కుట్టాడు. పులివెందులకు రెండుసార్లు పోయి ఉత్త చేతులతో వచ్చాడు. మూడోసారి దొరికింది. పాటలు ఎక్కుతున్నంతసేపూ అంగట్లో నిలబడే ఉన్నాడు. తనకు నచ్చినవన్నీ ఎక్కాక చివర ఐదు నిమిషాలు మిగిలింది. ఇంకేదో పాటతో నింపుతానన్నాడు అంగడాయన.

“వద్దు. మళ్ళా సినిమాకు ఉండనీ.”

అందుకే బీ సైడు ముక్క విరవలేదు.

ఆ రాత్రి కరెంటు పోతే బ్యాటరీలు వేసి మరీ విన్నాడు. కుట్టుమిషను తొక్కుతూ విన్నాడు. “ఇప్పుడొస్తాది చూడు” అని ఎవరూ లేకపోయినా చెయ్యెత్తి చూపించాడు.

సినిమా విడుదలైన ఆ సెప్టెంబరులోనే రమేష్ నాయుడు పోయారు. పేపరు మడిచి మిషను సొరుగులో పెట్టాడు మా ఆయన. నన్ను పెట్టెలో వేసి మొదటినుంచి చివరిదాకా తిప్పాడు. పాటలు అయిపోయాక కూడా ఆపలేదు. ఆ ఐదు నిమిషాలు ఉత్త సూ అనే చప్పుడు. అదీ విన్నాడు. ముక్క మాత్రం అప్పుడూ విరవలేదు.

విరిచి ఉంటే బాగుండేది. కొన్నేళ్ళ తర్వాత ఒక మధ్యాహ్నం ఆయన కొడుకు రేడియోలో క్రికెట్ కామెంటరీ పట్టుకోవాలని దొరికిన క్యాసెట్టు దూర్చి ఎర్ర బొత్తాం నొక్కాడు. దొరికింది నేను. బీ సైడు మొదటి పాటలు పోయి, అక్కడ ఎవరో ఫోరు కొట్టారు. సాయంత్రం మా ఆయన విన్నాడు. కొడుకు తలుపు దగ్గర బిక్కమొహం వేశాడు. “పోనీలే నాయనా, నాకు నోటికొచ్చు” అన్నాడు. నేనెందుకో ఆ పిల్లవాణ్ణి ఇంకా క్షమించలేదు.

ఆ తర్వాత టేపురికార్డరు బెల్టు సాగింది. దాని రబ్బరు చక్రం నా పట్టీని నమిలేది. ఆయన పెన్సిలు దూర్చి ఓపిగ్గా చుట్టేవాడు. ఆయన కన్నుమూశాక పెన్సిలు పట్టినవాళ్ళు లేరు. సీడీలొచ్చాయి, పోయాయి. మెమరీ కార్డులొచ్చాయి. నేను అటక మీద పాత కొలతల పుస్తకం కింద పడి ఉన్నాను. నామీద బల్లి గుడ్లు పెట్టింది. మనుషులకంటే నయం, బల్లి ప్రతి ఏడూ వచ్చేది.

చివరికి జొన్న కంకులు పాలు పోసుకునే రోజుల్లో నన్ను కిందికి దించారు. డబ్బా పగలగొట్టి, పట్టీ లాగి, చేనుకు ఈ గట్టు నుంచి ఆ గట్టుకు కట్టారు. గాలికి మోగితే పిట్టలు బెదురుతాయట. మా రెండు సైడులూ ఒకే పట్టీమీద ఎదురెదురుగా నడుస్తాయి. కాబట్టి పాట, క్రికెట్టు, ఖాళీగా మిగిలిన ఆ పద్నాలుగు మీటర్లు, అన్నీ కలిసే వేలాడుతున్నాయి. గాలొస్తే అన్నిటిదీ ఒకటే శ్రుతి.

మొదటి రెండు రోజులు చిలకలు బెదిరి లేచిపోయాయి. మూడో రోజు నుంచి లేవడం లేదు. కంకి మీద కూర్చుని, తల పక్కకు వాల్చి, మెల్లగా తింటున్నాయి.