బేరీజు సారు

ధర్పల్లిలో ఆయన అసలు పేరు ట్రెజరీ కాగితాల్లో తప్ప ఇంకెక్కడా వాడుకలో లేదు. లెక్కల పంతులుగా చేరి హెడ్మాస్టరుగా రిటైరయ్యాడు. ఊరు మాత్రం బేరీజు సారు అంటుంది. ఎదురుగా అన్నా ఏమీ అనుకోడు. అనుకోవాలా వద్దా అన్నది ఆయన ఇంకా తేల్చుకోలేదు.

ఒకప్పుడు రెండెకరాల పసుపు పండించేవాడు. నిజామాబాద్ యార్డుకు తోలాలా, సాంగ్లీకి పంపాలా అని బేరీజు వేసేలోపు రెండు చోట్లా ధర పడిపోయేది. 2025 సంక్రాంతి నాడు జాతీయ పసుపు బోర్డు నిజామాబాద్‌లోనే మొదలైంది. బోర్డు వచ్చింది గానీ, సారు ఇంటి మేడమీది గదిలోంచి పసుపు బస్తాలు మాత్రం కదల్లేదు.

ఇలాంటివాళ్లు మన జిల్లాలో ఆర్మూరులో ఉన్నారు, భీమ్‌గల్‌లో ఉన్నారు, బోధన్‌లో ఉన్నారు. గుర్తుపట్టడం సులువు. రెండంతస్తుల ఇల్లు, పై అంతస్తుకు తాళం. కొడుకు టెక్సాస్‌లో, కూతురు కూకట్‌పల్లిలో. చంకలో రెండు వందల పేజీల లాంగ్ నోటుబుక్కు, జేబులో ఎర్ర పెన్నొకటి, నీలం పెన్నొకటి. పేజీకి ఎడమ పక్క జమ, కుడి పక్క ఖర్చు.

ప్రస్తుతం ఆ నోటుబుక్కులో నడుస్తున్న పద్దు ఒక శనివారం రాత్రి కొడుకు ఫోనుతో మొదలైంది. "బాపూ, అమ్మకు మోకాళ్లు నొస్తున్నయ్, నీకు షుగరుంది. హైదరాబాద్‌ల మంచి మంచి సీనియర్ లివింగ్ కమ్యూనిటీలు వచ్చినయ్. పైసల సంగతి నేను చూస్కుంట. నువ్వు ఊఁ అను చాలు."

ఊఁ అనడం ఒక్కటే ఆయనకు చేతకాని పని.

ఊళ్లో వాళ్లు కొడుకు పంపించేస్తున్నాడని జాలి పడబోయారు. సారు పడనివ్వలేదు. తల్లిదండ్రుల పోషణకు 2007లో వచ్చిన చట్టం ఆయనకు కంఠతా వచ్చు. ఆర్డీవో దగ్గర ట్రిబ్యునల్ ఉంటుందనీ, నెలకు 10,000 దాకా ఇప్పించవచ్చనీ, చూసుకుంటామని రాయించుకుని చూసుకోకపోతే ఆ దానపత్రం రద్దవుతుందనీ అరుగు మీద కూర్చుని అందరికీ చెబుతాడు. అంతా చెప్పి, "మావోని మీద కేసు ఏద్దామంటే గూడ సందు లేదు. అడిగినదానికన్న ఎక్కువే పంపుతడు" అని నిట్టూరుస్తాడు. ఈ నిట్టూర్పును జమలో రాయాలా, ఖర్చులో రాయాలా తేలక రెండిట్లోనూ రాసుకున్నాడు.

హైదరాబాద్ వెళ్తే జమ వైపు మొదటి పద్దు ఏమిటో ఊహించండి. అంబులెన్సు కాదు, డాక్టరు కాదు. 'కోతులుండవు.' ధర్పల్లిలో ఉన్నవాళ్లకు దీని విలువ చెప్పనక్కర్లేదు. డాబా మీద వడియాలు పెట్టి ఎన్నేళ్లయిందో, పెరట్లో జామకాయ పండేదాకా ఉన్నది ఎప్పుడో ఎవరికీ గుర్తు లేదు.

మొదటి సందర్శన బస్సులో జరిగింది. 2020 మార్చిలో రైల్వే వాళ్లు ముసలివాళ్ల రాయితీ ఎత్తేసినప్పటి నుంచి సారు రైలు మీద అలిగాడు. బస్సులోనూ సుఖం లేదు. మహాలక్ష్మి పథకం కింద ఇంటామెకు జీరో టికెట్టు, ఆయనకు నిండు టికెట్టు. ఇందల్వాయి టోల్‌గేటు దాటేదాకా కండక్టరుతో ఈ తేడా మీద చర్చ నడిచింది. మేడ్చల్ దగ్గర దిగి, ఆటోలో ఒక సీనియర్ లివింగ్ కమ్యూనిటీ గేటు చేరారు.

గేటు లోపల మనవరాలి వయసున్న అమ్మాయి ఎదురొచ్చి, చల్లటి మజ్జిగ చేతికిచ్చి, "వెల్‌కమ్ అంకుల్" అంది.

అంకుల్! అక్కడే సగం బేరం చెడింది. ధర్పల్లి బస్టాండులో ఆయన దిగితే మిర్చిబజ్జీలు వేసేవాడు జల్లిగరిటె పక్కన పెట్టి నమస్తే పెడతాడు. ఎక్కాలు రానందుకు ఒకప్పుడు వాణ్ని గోడకుర్చీ వేయించిన చరిత్ర ఉంది మరి. తహసీల్ ఆఫీసులో అటెండరు, బ్యాంకులో క్యాషియరు, కల్లు దుకాణం మెట్ల మీద కూర్చున్న నలుగురిలో ముగ్గురు ఆయన దగ్గర చదివినవాళ్లే. ఇక్కడేమో డైనింగ్ హాల్లో ఒక బల్ల దగ్గర రిటైర్డ్ చీఫ్ ఇంజనీరు, ఇంకో బల్ల దగ్గర రిటైర్డ్ బ్యాంకు జనరల్ మేనేజరు, కిటికీ పక్కన రిటైర్డ్ కర్నలు. అందరూ నమస్తేలు అందుకుని అలవాటైనవాళ్లు, పెట్టేవాళ్లు ఒక్కరూ లేరు. ఆ మధ్యాహ్నం అరగంటసేపు ఒకరి నమస్తే కోసం ఒకరు ఎదురుచూస్తూ కూర్చున్నారట. చివరికి కర్నలు గారి కుక్క వచ్చి సారు కాళ్లు వాసన చూసింది.

సౌకర్యాలకు మాత్రం వంక పెట్టలేం. జారని టైల్సు, గోడలకు పట్టుకునే కడ్డీలు, చక్రాల కుర్చీ సులువుగా పోయే వెడల్పు తలుపులు, స్ట్రెచర్ పట్టే లిఫ్టు. బాత్రూంలో ఎర్ర తాడొకటి వేలాడుతుంది. పడిపోతే లాగాలి. సారు పడకుండానే లాగాడు. నర్సు, వార్డుబాయ్ బీపీ మిషనుతో సహా పరిగెత్తుకొచ్చేసరికి ఆయన గడియారం చూస్తూ నిలబడి ఉన్నాడు. రెండు నిమిషాల నలభై సెకన్లు. "రాత్రి రెండు గంటలకైనా గిదే టైమా?" అని అడిగాడు. మార్కెటింగ్ అమ్మాయి మేనేజరు వైపు చూసింది, మేనేజరు లిఫ్టు వైపు చూశాడు.

లెక్కల మనిషి కదా, రెండో పక్క కూడా కొలవందే తూకం కుదరదు. ఇంటికొచ్చాక ఒక పగలు బాత్రూం గడియ వేసుకుని, శక్తికొద్దీ "అయ్యో!" అని కేకేశాడు. మన వీధి అరుగుల మీద బీడీలు చుట్టే ఆడవాళ్లు చేతులు ఆకు మీద, చెవులు వీధి మీద పెట్టి కూర్చుంటారు. నిమిషం తిరక్కముందే పదకొండు మంది లోపలున్నారు. ఇద్దరు కలిసి తలుపు గడియ విరగ్గొట్టారు. ఒకామె నీళ్లు తాగించింది, ఇంకొకామె ముఖాన చల్లింది. ఒకడు 108కి ఫోన్ చేశాడు. ఇంకొకడు తెలివిగా టెక్సాస్‌కు చేశాడు. అక్కడ అర్ధరాత్రి. కొడుకు విమానం టికెట్టు వెతకడం మొదలుపెట్టాక గానీ సారు, "పరీక్ష పెట్టిన" అని ఒప్పుకోలేదు. ఫలితం నోటుబుక్కులో ఉంది: మనుషులు పదకొండు, సమయం 50 సెకన్లు, బీపీ చూడటం వచ్చినవాళ్లు సున్నా, వడ్ల ఆయనకు కొత్త గడియ కూలి 400. ఆ రోజు తిట్టిన తిట్లకు కాలమ్ లేదు.

ఊరి వీధికి ఇంకో ఖర్చు కూడా రాశాడు. మంగళవారం కాకరకాయలు కొంటే బుధవారానికల్లా, "ఏం సారూ, షుగరు పెరిగిందా?" అని ఆరుగురు అడుగుతారు. ఆసరా పింఛను 2,016 చీరకొంగున ముడేసుకుని వచ్చే బీడీల అవ్వ కూడా ఆయన బాత్రూం లైటు రాత్రి ఎన్నిసార్లు వెలిగిందో లెక్క చెబుతుంది. ఆ కమ్యూనిటీలో అయితే ఈ కాపలాకు నెలనెలా వేలల్లో బిల్లు వేస్తారు. అక్కడి నివాసుల సంఘం వసూలు చేసే మెయింటెనెన్సు నెలకు 7,500 దాటితే దాని మీద 18 శాతం జీఎస్టీ కూడా పడుతుంది. అవ్వకు జీఎస్టీ లేదు. కాకపోతే ఆమె సేకరించిన సమాచారం సాయంత్రానికి రామడుగు ప్రాజెక్టు కట్ట దాకా చేరుతుంది.

ఇంతవరకూ నవ్వుకోవడానికే. కానీ ఆ నోటుబుక్కులో ఒక పేజీ ముందు నేను నిజంగా ఆగిపోయాను. అది సారు సొంతం కాదు, బోధన్ బామ్మర్ది వచ్చిపోయిన రోజు రాసుకున్నది. ఆ బామ్మర్ది నిజాం షుగర్ ఫ్యాక్టరీలో పనిచేశాడు. రంగురంగుల బ్రోచర్ తిరగేసి, పక్కన పడేసి ఇలా అన్నాడట:

"మా శక్కర్‌నగర్ ముందర ఇదెంత బావా! క్వార్టరు, దవాఖాన, బడి, క్లబ్బు, ఆటస్థలం, అన్నీ ఫ్యాక్టరీవే. నిజాం కాలంల పెట్టిన్రు. ఆసియాలనే పెద్దదని చెప్పుకున్నం. 2002ల ప్రైవేటోళ్ల చేతికి వాయె. 2015 డిసెంబర్ల లే-ఆఫ్ నోటీసు అంటించిన్రు. తెల్లారినంక గోడలు గట్లనే ఉన్నయ్. లోపల నడిపెటోడే లేడు. నువ్వు గోడలు చూసొచ్చినవ్. నడిపెటోని మొఖం చూసినవా?"

సారు ఆ రాత్రి ఎర్ర పెన్నుతో 'నడిపేవాడెవడు?' అని రాసి కింద మూడు గీతలు గీశాడు. నా దృష్టిలో ఈ మొత్తం వ్యవహారంలో అసలు ప్రశ్న ఇదే. కోయంబత్తూరులో ముందు పాతుకుని హైదరాబాద్ దాకా పాకిన ఈ వ్యాపారంలో కట్టేవాడొకడు, నడిపేవాడింకొకడు. ఫ్లాటు చేతికి రాకపోతే రెరా ఉంది, 2016లో చట్టమైంది. రాత్రి నర్సు రాకపోతే ఎవరున్నారు? కేంద్ర గృహ నిర్మాణ శాఖ 2019లో రిటైర్మెంట్ ఇళ్లకు నమూనా మార్గదర్శకాలు ఇచ్చింది. కట్టినవాడు, కొన్నవాడు, సేవలందించేవాడు ముగ్గురూ కలిసి ఒప్పందం రాసుకోవాలన్నది అందులో ఒక మాట. నమూనా అన్నారు కాబట్టి అందరూ పాటిస్తారని లేదు.

సారు రెండోసారి వెళ్లినప్పుడు మజ్జిగ ముట్టకుండానే ఆ ముగ్గురి ఒప్పందం చూపించమన్నాడు. కొనడమా, డిపాజిట్ కట్టి ఉండటమా? డిపాజిట్ అయితే పోయేటప్పుడు ఎంత కోసుకుంటారు? కొంటే నా తర్వాత కొడుక్కు వస్తుందా? వస్తుంది. వాడు వచ్చి ఉండొచ్చా? ఉండకూడదు, అరవై నిండాలి. వారసత్వమే గానీ వాసయోగం లేదన్నమాట. అమ్ముకోవాలంటే? ఇంకో ముసలాయన్నే వెతుక్కోవాలి. మంచాన పడితే? ఇక్కడ తమ పని తాము చేసుకోగలిగినవాళ్లకే అంకుల్, ఆ పై స్థాయి సంరక్షణ వేరే బ్లాకులో, వేరే రేటుకు. మతిమరుపు వస్తే? ఆ బ్లాకు ఇంకా కట్టాల్సి ఉంది.

"అయితే గా బ్లాకు అయ్యేదాక నేను అన్నీ యాదికి పెట్టుకోవాలన్నట్టు" అని సారు రాసుకున్నాడు. మార్కెటింగ్ అమ్మాయి ఆ రోజు నుంచి ఆయన్ని సార్ అంటోంది.

ఆదివారం మటన్ సంగతి వేరే అధ్యాయం. అక్కడి వంటశాల పూర్తి శాకాహారం. ఉప్పు తక్కువ, నూనె తక్కువ, కారం అసలే తక్కువ. దసరాకు యాట లేని బతుకు ఏ కాలమ్‌లో రాయాలో సారుకు అర్థం కాలేదు. పేజీ మొత్తం ఖాళీగా వదిలేశాడు.

ఇన్ని లెక్కల మధ్య ఇంటామెను అడగాలని ఆయనకు తోచలేదు. ఒక రాత్రి ఆమే అడిగింది. "నీ బేరీజు నువ్వేసుకో. నాకొక్కటే చెప్పు. గక్కడ నేను పొయ్యి ముట్టియ్యాల్నా?"

"అవసరం లేదు. మూడు పూటలా వాళ్లే పెడ్తరు."

"ఇగ ఏం చూస్తున్నవ్? నలభై ఏండ్ల సంది వండుతున్న. ఒకలు వండిపెడ్తే ఉప్పు లేకున్నా తింట."

ఊరు విడిచి ఆడవాళ్లు ఉండలేరని, బతుకమ్మ, బంధుబలగం అని సారు నాలుగు పేజీలు రాసిపెట్టుకున్నాడు. అవన్నీ ఆమె పేరు మీద రాసుకున్న ఆయన భయాలని ఆ పూటతో తేలిపోయింది. బంధుబలగానికి ఆమె దగ్గర ఆధార్ కార్డు ఉంది, ఎప్పుడు చూడాలనిపిస్తే అప్పుడు బస్సెక్కుతుంది. పదిహేను రోజులు ఉండి చూసే ఏర్పాటు ఉందని బ్రోచర్‌లో చదివి, కమ్మర్‌పల్లిలో ఒంటరిగా ఉండే అక్కను వెంటబెట్టుకుని, మామిడికాయ తొక్కు జాడీ సంచిలో పెట్టుకుని వెళ్లిపోయింది. వారం తిరక్కుండా వంటవాడికి పచ్చిపులుసు నేర్పింది. తంబోలాలో చీఫ్ ఇంజనీరును రెండుసార్లు ఓడించింది. పదిహేను రోజులు నెలయ్యాయి. నెల ఇంకో నెలైంది.

సారు ఇప్పుడు కర్రీపాయింట్ కూరలతో నడిపిస్తున్నాడు. అన్నం రెండో విజిల్‌కు దించాలా, మూడో విజిల్‌కా అన్న పద్దు కొత్తగా తెరిచాడు. నెలకో ఆదివారం టిఫిన్ క్యారియర్‌లో మటన్ పెట్టుకుని వెళ్తాడు. గేటు దగ్గర లోపలికి పోనివ్వరు కాబట్టి భార్యాభర్తలు, వదినె గారు, బయట బస్‌షెల్టర్‌లో కూర్చుని తింటారు. కర్నలు గారు కూడా ఒకసారి నడక నెపంతో వచ్చి కూర్చున్నారని విన్నాను. నమస్తే ముందు ఆయనే పెట్టారట.

సారు మాత్రం ఇంకా తేల్చలేదు. ఈలోగా ఆయన నోటుబుక్కు చూసి మండలంలో ఇద్దరు చేరారు, ఒకాయన కట్టిన అడ్వాన్సు వెనక్కి తెచ్చుకున్నాడు. మీ ఇంట్లో కూడా ఇలాంటి ఆలోచన ఉంటే డబ్బు కట్టేముందు ధర్పల్లికి వచ్చి ఆ పుస్తకం అడగండి. ఇస్తాడు. ఏ తారీఖున తిరిగిస్తారో చివరి పేజీలో రాసి సంతకం పెట్టాలి, నీలం పెన్నుతో.