‘షార్ప్ ఆరింటికి’: సవ్యాఖ్యానము

అవతారిక

ఒక గ్రంథమునకు వ్యాఖ్య పుట్టవలెనన్నచో ఆ గ్రంథము మిక్కిలి గొప్పదైనను కావలెను, వ్రాసినవాడు దానిని మిక్కిలి గొప్పదని నమ్మినవాడైనను కావలెను. నేనిప్పుడు వ్యాఖ్యానింపబూనినది రెండవ తెగకు చెందినది. దీని కర్త మా మేనల్లుడు. హైదరాబాదునందొక సంస్థలో పదుగురిచేత పని చేయించు ఉద్యోగి. వారమున కైదు దినములు పట్టికలు వ్రాసి, ఆ అభ్యాసబలమున తక్కిన రెండు దినములకును పట్టికలు వ్రాయువాడు. శుక్రవారము రాత్రి భోజనములైన పిదప, ఇంటిల్లిపాదియు ఒక్క గదిలోనే కూర్చుండియుండగా, నోటితో చెప్పదగిన మాటను వాట్సాప్ గ్రూపునందు ప్రకటించుటయే ఈ గ్రంథావతరణము. నాలుగు ఫోనులు ఒక్కమారు మ్రోగినవి. ఆయనవైపు ఎవ్వరును చూడలేదు.

మూలము

“శనివారం షార్ప్ 6కి స్టార్ట్. నర్సాపూర్ ఫారెస్ట్ ఫొటో స్టాప్ 5 నిమిషాలు. మెదక్ చర్చి 30 నిమిషాలు. కోట 40 నిమిషాలు. ఏడుపాయల దర్శనం, లంచ్ కలిపి 1 గంట. టైముంటే పోచారం. రాత్రి 7కి ఇంట్లో. అనవసరంగా ఎక్కడా ఆగేది లేదు. అన్నీ కవర్ చేద్దాం.”

వ్యాఖ్య

ప్రతిపదార్థము సుగమము, విడిచితిని.

శాస్త్రగ్రంథమునకు విషయము, ప్రయోజనము, సంబంధము, అధికారి అను నాలుగు అనుబంధములను ఆదియందే చెప్పవలెనని పెద్దల ఆన. ఇందు విషయము మెతుకుసీమ, అనగా మెదకు ప్రాంతము. ప్రయోజనము, సోమవారమునాడు కార్యాలయమున అడిగినవారికి ఊపిరి తిప్పుకొనక చెప్పదగిన పేళ్ల వరుస. ఈ మూలమునకును జరిగిన యాత్రకును సంబంధము లేదు. ఇక అధికారి యెవడనగా, వేదాంతశ్రవణమునకు శమదమాది సంపత్తి గలవాడు అధికారియైనట్లు, ఇచ్చట కారు కదలినది మొదలు నిలుచునంతవరకు ఆకలిని, దాహమును, తదనంతర శరీరధర్మములను నిగ్రహింపగలవాడే అధికారి. ఈ లక్షణము డెబ్బది దాటిన మా అక్కయ్యకు, అనగా గ్రంథకర్త కన్నతల్లికి, పట్టునా పట్టదా అన్న శంక గ్రంథకర్తకు స్ఫురింపలేదు.

‘షార్ప్ 6కి స్టార్ట్’ అనునది విధివాక్యమా, అర్థవాదమా? బయలుదేరవలెనని చెప్పుచున్నది గనుక విధియే యని పూర్వపక్షము. విధియైనచో దాని కనుష్ఠానము కనబడవలెను గదా. ఆరింటికి కర్తగారు స్నానాలగదిలో నుండిరి. ఆరున్నరకు ఏ చొక్కా యని విచారించుచుండిరి. ఏడింటికి కారు తాళము కొరకు ఇల్లంతయు వెదకి, అది తన చేతి సంచిలోనే దొరకగా, “ఎవరు పెట్టారిక్కడ?” అని గద్దించిరి. కనుక ఇది ఎవ్వరిని ప్రవర్తింపజేయుటకును ఉద్దేశింపబడినది కాదనియు, కర్తయొక్క కార్యదక్షతను స్తుతించు అర్థవాదమే యనియు సిద్ధాంతము చేయబోవుచుండగా, వంటింటినుండి ఒక బాధకము వచ్చుచున్నది. మేనల్లుని భార్య, నాకు కూతురి వరుస, మూడింటికి లేచి పులిహోర కలిపి, దద్దోజనమునకు పోపు పెట్టి, పూరీలు వత్తి, పిల్లవానికి వేరుగా కారము లేని కూర చేసి, కాఫీ ఫ్లాస్కున పోసి, అంట్లు తోమి, ఆరింటికి జడ వేసికొని గుమ్మములో నిలువబడియుండెను. కావున ఇది ఆమె యొకతెకు విధి, తక్కినవారికి అర్థవాదము. ఒక్క వాక్యమే ఒకే యింటిలో ఇరుదెరగుల ప్రవర్తించుట మీమాంసకులకు సమ్మతమగునో కాదో గాని, తెలుగు సంసారములకు మాత్రము చిరకాలముగా సమ్మతమైయున్నది.

నర్సాపురపు అడవిలో కోతులున్నవి. అవి కారులు నిలుచుటకే యెదురుచూచునట్టివి. ఐదు నిమిషములలో పూరీల పొట్లమొకటి వానిపాలైనది. ఇంతకన్న ఈ వాక్యమునకు వ్యాఖ్య అక్కరలేదు.

‘అనవసరంగా ఎక్కడా ఆగేది లేదు.’ ఇది ఈ గ్రంథమునకు ప్రాణవాక్యము. నర్సాపూరు దాటి, కౌడిపల్లి దాటి, మెదకునకు పోవు త్రోవలో కొల్చారము అను నూరు తగులును. కోలాచలము ఇంటిపేరుగా గల మల్లినాథసూరి ఆ యూరివాడని ప్రతీతి. పదునాలుగు పదునైదు శతాబ్దుల నడుమ వెలసిన ఆ మహానుభావుడు కాళిదాస కావ్యత్రయమునకు సంజీవనియు, మాఘునకు సర్వంకషయు, శ్రీహర్షునకు జీవాతువును రచించెను. భారవికి వ్రాసిన వ్యాఖ్యకైతే ఏనుగులు గంటలు మ్రోగించుచు నడచు రాజమార్గము తోచునట్లు ఘంటాపథమని పేరిడెను. అట్టివాని యూరు నేడు రాజమార్గము ప్రక్కనే యుండియు గంటకు తొంబది కిలోమీటర్ల వేగమున వెనుకకు పోవుచుండగా, నేను వెనుకసీటునుండి, “నాయనా, ఇచ్చట ఒక్క పది నిమిషములాపుము” అంటిని. “లిస్టులో లేదు కదా మామయ్యా. అక్కడ చూడ్డానికేముంది?” అని ప్రత్యుత్తరము.

నిజమే. పార్శ్వనాథుని నల్లరాతి విగ్రహము గల జైనాలయమొకటి కలదు. దానిని తప్పించినచో చూచుటకు పొలములే. టిక్కెట్టు పెట్టి చూపదగిన మల్లినాథుడెవ్వడును లేడు. కాని సంస్కృతము చదువుకొన్న భారతదేశమంతయు అయిదారు శతాబ్దులుగా ఎవని చేయి పట్టుకొని మహాకావ్యములలో నడచుచున్నదో, అతడు నడచిన మన్ను మీద చెప్పులు విడిచి నిలువబడుటకు పది నిమిషములు అడిగితిని. ఆధారము లేనిది వ్రాయననియు, అక్కరలేనిది పలుకననియు ఆయన తన పాఠకులకు మాట యిచ్చెను. ఆ మాట నేనియ్యలేదు గనుక కొంత దూరము పోవుచున్నాను.

మేఘసందేశము మాత్రము ఒక ప్రయాణపు పట్టిక కాదా? రామగిరినుండి అలకాపురి వరకు ఏ కొండమీద విశ్రమించవలెనో, ఏ నది నీరు త్రాగవలెనో యక్షుడు మేఘునకు వరుసగా చెప్పినదే పూర్వమేఘము. బయలుదేరు దినమును గూర్చి వ్యాఖ్యాతలకు వివాదము కూడ కలదు. ఆషాఢము మొదటి దినమని కొందరు, తుది దినమని పాఠము మార్చి కొందరు అనగా, మల్లినాథుడు మొదటి దినమునే నిలిపి, శాపకాలమున మిగిలిన నెలలను లెక్కించి వాదించినాడు. ‘షార్ప్’ అను మాట వాడకయే అంతటి నిష్కర్షకు వచ్చుటను గమనింపవలెను.

ఆ యక్షునికన్న తొందర గలవాడు లోకమున నుండునా? ఏడాది శాపమున ఇంక నాలుగు నెలలున్నవి. భార్య బ్రతికియుండునో లేదో యను భయము. సందేశము చేరుటలో ఒక్కొక్క దినము ఒక్కొక్క ప్రాణము. అట్టివాడు మేఘునితో, ఉత్తరమునకు పోవు నీకు త్రోవ వంకరయైనను ఉజ్జయిని చూడక పోవలదనుచున్నాడు. మహాకాళుని సన్నిధికి వేళగాని వేళ చేరినను, ప్రొద్దు గ్రుంకి సంధ్యాపూజ జరుగువరకు నిలువుమనుచున్నాడు. అంతటితో నూరకుండక, పావురములు నిద్రించు మేడచూరున ఆ రాత్రి గడుపుమనుచున్నాడు. ఎందులకు? మేఘుని భార్యయగు మెరుపుతీగ చాలసేపు మెరసి మెరసి యలసినది గనుక. విరహమున కాగిపోవుచున్న యక్షునకు పరుల భార్య యలసట తోచినది. మూడింటికి లేచిన తన భార్య యలసట మా మేనల్లునకు తోచలేదు, ఆమె ముందుసీటులో కునుకుపట్టగా, “జీపీఎస్ చూడు, నిద్రపోతావేంటి?” అని లేపినాడు.

మరియొకటి. యక్షుడు మేఘుని అలసినచోట కొండలపై కాలూనుమనెను. కురిసి తేలికపడి, చిక్కినచోట ఏటి నీరు త్రాగి మరల సాగుమనెను. దించుకొనుటకును, నింపుకొనుటకును మేఘునకు త్రోవపొడవున అనుమతి కలదు. మా అక్కయ్యకు రెండును లేవు. ఈ ప్రయాణమున్నదని తెలిసినది మొదలు, అనగా శుక్రవారము రాత్రి నుండియే, ఆమె నీరు మానివేసినది. నడుమ కారాపుమని కన్నకొడుకు నడుగుట ఆమెకు సిగ్గు. ధైర్యము చేసి అడిగినచోట పెట్రోలు బంకులోని దొడ్డికి తాళము, తాళపుచెవి మేనేజరు వద్ద, మేనేజరు టిఫినుకు. “ఇంకో ఇరవై నిమిషాలేనమ్మా, చర్చి దగ్గర ఉంటుంది” అని కొడుకు. ఈ దేశమున రహదారులు నాలుగు వరుసలైనవి, ఆరు వరుసలైనవి; ఆడువారు ప్రయాణమునకు ముందు నీళ్లు మానుట మాత్రము మా అమ్మమ్మ ఎడ్లబండి నాటి వలెనే యున్నది. ఇది హాస్యమున కుపయోగించు విషయము కాదు గనుక మూలమునకు మరలుచున్నాను.

మేఘము వెంట పోయి మెదకును మరచితిని. మెదకు చర్చి 1914న ఆరంభమై 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడినది. కరవుకాలమున జనులకు పనియు అన్నమును దొరకునట్లు చార్లెస్ వాకర్ పాస్నెట్ దొర దానిని కట్టించెనని చరిత్ర. లోపల క్రీస్తు జననమును, సిలువను, ఆరోహణమును చూపు మూడు రంగుటద్దముల గవాక్షములున్నవి. వానికి వెలుపలి యెండయే దీపము. ఎండ జరిగినకొలది బొమ్మల రంగులు నిదానముగా మారుచుండును. కావున వానిని చూచుట యనగా కూర్చుండుట. మనుమడొక్కడు నేలపై చదికిలబడి తల పైకెత్తి చూచుచుండగా, “ఇంకా పన్నెండు నిమిషాలే” అని తండ్రి భుజము తట్టెను. ముప్పది నిమిషములలో పదునెనిమిది బయట, చర్చి వెనుకనుండగా కుటుంబము ముందు నిలిచి తీయించుకొను ఫొటోకే చెల్లినవి.

కోటకు నలుబది నిమిషములు. మెట్లెక్కుటలో మా అక్కయ్య కొడుకుకన్న ముందుండెను. సింహద్వారము, గజద్వారము దాటి పైనుండి చూచినచో మెతుకుసీమ పొలములు, చెరువులు పరచుకొని కనబడును. కనబడినవి.

ఏడుపాయల కడ మంజీర ఏడు పాయలై చీలి పారును. ఏడుగురు ఋషుల పేర చీలినదని ఒక కథ, జనమేజయుడు సర్పయాగము చేసిన చోటని మరియొక కథ. శివరాత్రికి జాతర సాగును. వరద వచ్చినప్పుడు వనదుర్గమ్మ గుడి నీటబడును. పాయ యొడ్డున పులిహోర విప్పితిమి. ఏడు పాయలు కన్నులయెదుట పారుచుండగా అక్కయ్య ఒక్క గ్రుక్క పుచ్చుకొని గ్లాసు నా చేతి కిచ్చి, “చాలురా” అన్నది.

‘టైముంటే పోచారం.’ సాపేక్షవాక్యము. సమయము లేకపోయెను. అభయారణ్యపు బోర్డుకడ అద్దము దించి, బోర్డును మాత్రము ఫొటో తీసికొంటిమి. అందులో జింక బొమ్మ కలదు. కర్తగారి సంప్రదాయమున ఇది ‘కవర్’ అగును.

పాఠాంతరము. మూలమునకు వెంటనే దిగువన, గ్రూపులో, ‘ఈ మెసేజ్ డిలీట్ చేయబడింది’ అని యొక వాక్యము కనబడుచున్నది. ఇది గ్రంథపాతము. తాటాకుల ప్రతిని పురుగు తినినచో రంధ్రపు కొలతను బట్టి పోయిన అక్షరములెన్నియో ఊహింపవచ్చును. ఇచ్చట ఆ సౌకర్యము కూడ లేదు. అది మేనల్లుని భార్య ఫోనునుండి పుట్టినదగుటచే తిరుగు త్రోవలో ఆమెనే అడిగితిని. ఆమె నవ్వి, “ఏముందిలెండి బాబాయిగారూ. అత్తయ్యగారి కోసం మధ్యలో రెండుచోట్ల ఆపుదామని పెట్టాను. మళ్లీ ఈయన ప్లాన్ పాడవుతుందంటారని తీసేశాను” అన్నది. సాధుపాఠమిదియే. పరిష్కర్తకు గల స్వాతంత్ర్యముచేత ‘అనవసరంగా ఎక్కడా ఆగేది లేదు’ అనుదానిని ప్రక్షిప్తమని తీసివేసి, దాని స్థానమున దీనిని నిలుపుచున్నాను.

ఆదివారమునకు వేరొక పట్టిక కలదు: భువనగిరి కోట, యాదగిరిగుట్ట, కొలనుపాక, షార్ప్ అయిదున్నరకు. దానిని చదివి మా అక్కయ్య మోకాళ్ల నొప్పులని చెప్పి ఇంటనే నిలిచినది. ముందునాడు కోట మెట్లపై ఆమె వెనుక రొప్పుచు నడచినవాడను గనుక ఆ మోకాళ్ల సంగతి నాకు తెలియును. దానికి టీక వ్రాయుమని మేనల్లుడు కోరెను గాని, నాకును మోకాళ్ల నొప్పులే యని చెప్పితిని.