సోమలింగం టీవీ

2009 చివర్లో త్రీడీలో ‘అవతార్’ సినిమా వచ్చింది. మరుసటి ఏడాదే త్రీడీ టీవీలు ఇళ్ల మీద పడ్డాయి. షట్టర్ కళ్లజోడు రకం కొంటే ఫోనుతో పాటు కళ్లద్దాలకూ చార్జింగ్ పెట్టడమో, బ్యాటరీ మార్చడమో తప్పేది కాదు. పోలరైజ్డ్ రకానికి ఆ బాధ లేదు, జోడు చవక. కాకపోతే ఒక్కో కంటికి తెర మీది గీతల్లో సగమే దక్కేవి. రెండు కళ్లజోళ్లున్న ఇంటికి నలుగురు చుట్టాలొస్తే వంతులవారీ దర్శనమే!

ఇంతా చేసి చూద్దామంటే కార్యక్రమాలేవి? ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం! ఈఎస్‌పీఎన్ త్రీడీ చానల్ 2013లోనే దుకాణం కట్టేసింది. 2017లో ఎల్జీ, సోనీ కూడా చేతులెత్తేశాయి.

రేపు ‘ఎయిట్ కే టీవీ’ అంటూ షోరూమ్ కుర్రాడు ఊరిస్తే ఒక్కటే అడగండి: ‘‘బాబూ, ఇందులో చూడ్డానికేముంది?’’