పిల్లలకు ఆరోగ్యం పట్టించు విధము

కావలసినవి: అయిదేళ్ళు దాటి పన్నెండు నిండని పిల్లాడో పిల్లో ఒకరు, తల్లిదండ్రులు ఒక జత, డిసెంబరు 31 కోసం తెప్పించిన కేకు, క్రెడిట్ కార్డు. నానమ్మ ఉంటే ముందే ఊరికి పంపించెయ్యాలి. ఆవిడ ఇంట్లో ఉండగా ఈ వంట కుదరదు.

ముందు కేకు సంగతి చూడాలి. తెల్లారితే ఇంట్లో మైదా, చక్కెర నిషేధం కాబట్టి ఉన్నదంతా అర్ధరాత్రి లోపలే పిల్లల చేత తినిపించెయ్యండి. పారెయ్యడానికి మనసొప్పదు కదా. జనవరి 1 పొద్దున్నే కడుపునొప్పి అంటారు. అదే ముహూర్తం. "అడ్డమైనవన్నీ తింటే ఇలాగే ఉంటుంది" అని మొదలుపెట్టవచ్చు.

తర్వాత బజారు. ఆరోగ్యం వంటింట్లో ఉంటుందని పాతకాలం వాళ్ళు భ్రమపడ్డారు గానీ అది ఉండేది సూపర్ మార్కెట్లో. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించాక అక్కడ మరీ కళకళలాడుతోంది. రాగి బిస్కెట్లు, జొన్న నూడిల్సు, కొర్రల చాకో ఫ్లేక్సు. సీమలో సంగటిగా, తెలంగాణలో రొట్టెగా ఉన్నన్నాళ్ళూ వీటిని బీదవాళ్ళ తిండి అన్నాం. రంగు డబ్బాలోకి చేరాక మర్యాద వచ్చింది. రాగిపిండి కొని ఇంట్లో జావ కాస్తే చవకే. కానీ జావకు డబ్బా ఉండదు, డబ్బా మీద నవ్వే పులి బొమ్మా ఉండదు.

ఒక్కటే జాగ్రత్త. ప్యాకెట్టును ముందువైపు మాత్రమే చదవాలి. వెనక చీమతలంత అక్షరాల్లో, ఏమేం వేశారో ఆ జాబితా ఉంటుంది. బరువులో ఏది ఎక్కువో దాన్ని ముందు, తక్కువైనదాన్ని వెనక రాయాలని మన దేశంలో నిబంధన. ఖర్మకాలి తిప్పారనుకోండి, మైదా, చక్కెర, పామాయిలు వరసగా పలకరిస్తాయి. బొమ్మలో ఇంతెత్తున కనిపించిన రాగులు ఎక్కడో తోకన తగుల్తాయి. చక్కెర కూడా ఒక్క పేరుతో రాదు. లిక్విడ్ గ్లూకోజ్ అనీ ఇన్వర్ట్ సిరప్ అనీ మారుపేర్లతో నాలుగుచోట్ల సర్దుకుని కూర్చుంటుంది. మీ అమ్మాయికి ఇంగ్లీషు చదవడం వచ్చేసి ఉంటే డబ్బా ఆమె చేతికి ఇవ్వకండి. లక్షలు పోసి చదివిస్తున్నది ఇలాంటివి చదవడానికి కాదు.

పాలల్లో కలిపే పొడి సంగతి. వీటిని 'హెల్త్ డ్రింక్' వరసలో పెట్టి అమ్మవద్దని 2024 ఏప్రిల్లో కేంద్ర వాణిజ్య శాఖ ఆన్‌లైన్ అంగళ్ళకు చెప్పింది. ఆహార భద్రతా చట్టంలో ఆ మాటకు నిర్వచనమే లేదట. కంగారు పడకండి. మారింది వరసే, పొడి కాదు. ఇంకో చెంచా వెయ్యండి, ఎత్తు పెరుగుతాడు. హైదరాబాదులో శివరంజని సంతోష్ అనే పిల్లల డాక్టరుగారు ఏళ్ళ తరబడి పోరాడబట్టి, తీపినీళ్ళ డబ్బాల మీద 'ఓఆర్ఎస్' అని రాసుకోవడానికి వీల్లేదని 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ తేల్చేసింది. ఇలాంటివాళ్ళ వల్లే మన పని రోజురోజుకీ కష్టమైపోతోంది.

ఇక తినిపించడం. ముందు ఫోను, ఆ తర్వాతే అన్నం. కార్టూను నడుస్తుంటే నోరు దానంతటదే తెరుచుకుంటుంది. పాలకూర పెట్టారో చపాతీ పెట్టారో వాడికి తెలియదు, అదే ఇందులో సుఖం. ఆకలేస్తోందా అని మాత్రం అడగవద్దు. ఎంత తినాలో నిర్ణయించేది మీరు, వాడి పొట్ట కాదు. వద్దని తల తిప్పితే అమ్మ ముద్ద, నాన్న ముద్ద, తాత ముద్ద అంటూ చుట్టాలను పిలవండి. బంధువర్గం పెద్దదైతే బరువు బాగా పెరుగుతాడు.

అప్పటికీ వినకపోతే లంచం. "బీరకాయ కూర తింటే చాక్లెట్టు." ఈ ఒక్క వాక్యంతో బీరకాయ శిక్ష అనీ చాక్లెట్టు బహుమానం అనీ వాడి బుర్రలో జన్మకు సరిపడా నాటుకుంటుంది. మంచి మార్కులకు పిజ్జా ఖరారు చేస్తే చదువు కూడా ఆరోగ్యంతో ముడిపడిపోతుంది.

బడి తన వంతు చేస్తూనే ఉంది. పిల్లలు చక్కెర ఎంత తింటున్నారో, ఎంతకు మించకూడదో తెలిపే 'షుగర్ బోర్డులు' పెట్టమని సీబీఎస్ఈ 2025లో బడులకు చెప్పింది. ఆ చార్టు మీ వాడికి హోంవర్కుగా వస్తే రాత్రి పదకొండింటికి సమోసా తింటూ మీరే గీసిపెట్టండి. ఉప్పు, చక్కెర, కొవ్వు మితిమీరినవి బడి గేటుకు 50 మీటర్ల లోపు అమ్మరాదని 2020లోనే నిబంధన వచ్చింది. చట్టం చదవకపోయినా, బండి ఎక్కడ ఆపాలో పునుగులాయనకు తెలుసు.

ఆంధ్రప్రదేశ్ సర్కారు బళ్ళలో 2023 నుంచి రాగిజావ పోస్తున్నారు, గుడ్డూ పల్లీ చిక్కీ పెడుతున్నారు. పొరపాటున కూడా ఆ వైపు చూడకండి. ఫీజు కట్టి అక్కణ్ణుంచి తప్పించిన బిడ్డకు రాగులు బిస్కెట్టుగానే అందాలి.

ఆటలా? రోజుకు గంట ఒళ్ళు కదలాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. దానికి ఐఐటీ ఫౌండేషన్ టైంటేబుల్ తెలియదు. అపార్ట్‌మెంటు సెల్లార్లో బంతాట నిషిద్ధం అని అసోసియేషన్ బోర్డు ఉండనే ఉంది. అడుగులు లెక్కపెట్టే వాచీ కొనివ్వండి. సోఫాలో కూర్చుని చెయ్యి ఊపినా కొన్ని లెక్కేస్తుంది.

వీటన్నిటి మధ్యా ఏదో ఓ రాత్రి ఓ ప్రశ్న వస్తుంది.

"నాన్నా, నీ కంచంలో బీరకాయ లేదేం?"

"పెద్దవాళ్ళకు అక్కర్లేదురా. మేం ఎదగడం అయిపోయింది."

ఈ జవాబు చెప్పేటప్పుడు పొట్ట కొంచెం లోపలికి లాక్కుంటే మంచిది.

అసలు గండం సంక్రాంతి సెలవులు. ఊళ్ళో నానమ్మ అరిసెలు, సున్నుండలు, జంతికల డబ్బాలతో కాచుకుని ఉంటుంది. "అత్తయ్యా, వాడికి స్వీట్లు మానిపించామండీ" అంటే వినదు. వాడు రెండు అరిసెలు జేబులో పెట్టుకుని గాలిపటంతో డాబా ఎక్కి చీకటి పడ్డాక గానీ దిగడు. దిగి కాళ్ళు కడుక్కుని వంటింటి గడప దగ్గర నిలబడి "నానమ్మా, అన్నం పెట్టు" అంటాడు. పప్పన్నం, వంకాయ కూర ఫోను లేకుండా, ముద్దకో చుట్టం లేకుండా తనంతట తనే కలుపుకుని తినేసి, మారు కూడా అడుగుతాడు. చూసి భయపడకండి. దాన్ని ఆకలి అంటారు. బడులు తెరవగానే తగ్గిపోతుంది.