కాడి పడేసిన కథ

తెలుగులో మధ్యలో మానేసేవాళ్లకు మాటల కరువు లేదు. ‘చేతులెత్తేశాడు’ అంటే ఎంతో కొంత ప్రయత్నించి ఇక నావల్ల కాదన్నాడని. ‘కాడి పడేశాడు’ అన్నది ఎద్దు దగ్గర అరువు తెచ్చుకున్న మాట. సాలు మధ్యలో మెడ విదిలించి కూలబడిందంటే ములుకోలతో పొడిచినా లేవదు. ఇక ‘ఆరంభశూరుడు’ అంటే కొబ్బరికాయ కొట్టేదాకా మహావీరుడు. మనుషుల్లో మొదలుపెట్టనివాళ్లు, మొదలెట్టి ఆపేసేవాళ్లు, చివరిదాకా వదలనివాళ్లు అని మూడు రకాలున్నారని భర్తృహరి ఏనాడో తేల్చాడు. ఏనుగు లక్ష్మణకవి దాన్ని తెనిగించి మా బడిదాకా తెచ్చాడు. ఆ పద్యం కూడా నాకు సగమే వచ్చు.

చేవెళ్ల కూరగాయలకు పేరున్న ఊరని, అక్కడ పావెకరం కౌలుకు తీసుకుని క్యారెట్ వేశాను. వారమైనా మొలక లేదు. పదో రోజున సన్నగా ఏవో కనిపిస్తే కలుపనుకుని శ్రద్ధగా పీకేశాను. అవే క్యారెట్లట! ఆ సాయంత్రమే చేను వదిలేస్తానన్నాను. పక్క చేను పెద్దాయన బీడీ ఆర్పి అన్నాడు: “సారూ, ఎద్దు మోసి మోసి కాడి పడేస్తది. మీరు మెడకెత్తుకోకముందే పడేస్తిరి గద!”

పౌరుషం పొడుచుకొచ్చి, ఎప్పటి నుంచో బాకీ ఉన్న మొక్కు తీర్చడానికి మొయినాబాద్ మండలంలోని చిలుకూరు బాలాజీ దగ్గరికి వెళ్లాను. కోరుకునేటప్పుడు 11 ప్రదక్షిణలు, తీరాక 108. అక్కడ హుండీ లేదు. అంటే నాలుగు నోట్లు వేసి తప్పించుకునే వీలూ లేదు, బాకీ కాళ్లతోనే కట్టాలి. 11 దాకా పరుగే. 20కి నడక. 34కి గోడ. చేతులెత్తి మొక్కాను. చూసేవాళ్లకు అది భక్తి. ‘చేతులెత్తడానికీ’ ‘చేతులెత్తేయడానికీ’ మధ్య ఉన్న తేడా స్వామికీ నాకూ మాత్రమే తెలుసు.

అక్కణ్నుంచి చేవెళ్ల వైపు, కౌలు లెక్క తేల్చుకోవడానికి బయల్దేరాను. బీజాపూర్ రోడ్డు పొడవునా మర్రిచెట్లు, మొత్తం దాదాపు 900. రోడ్డు వెడల్పు చేస్తామంటే, వాటిని నరకొద్దని కొందరు హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లి ఏళ్ల తరబడి కొట్లాడారు. నేనైతే మొదటి వాయిదాకే చేతులెత్తేసేవాణ్ని. ఒక చెట్టు కింద కూర్చుని పైకి చూశాను. కొమ్మ బరువెక్కితే మర్రి చేతులెత్తదు, ఊడ దించుతుంది. అది నేలను తాకితే ఇంకో కాలు దొరికినట్టే.

సిగ్గేసింది. ప్రదక్షిణలు లెక్కపెట్టుకునే కార్డు ఇంకా జేబులోనే ఉంది. మిగిలినవి 74. వచ్చే శనివారం తెల్లారకముందే లేచి పూర్తిచేసి తీరాలని గట్టిగా నిశ్చయించుకున్నాను. ఇంటికొచ్చి ఆ సంగతి చెబితే మా ఆవిడ నవ్వి ఒకటే మాటంది.

“ఆరంభం బాగుంది.”