నీ బేసుకు వెయ్యి దండాలు

తిరుపతి గాంధీ రోడ్డులో, చిత్తూరు బజార్లలో, ఫోను కవర్ల పక్కన కొక్కేలకు వేలాడుతూ కనిపించే ఓ హెడ్‌ఫోనూ, వెయ్యికీ రెండు వేలకీ మధ్య ధరలో రెండు చెవులనూ నిండా కప్పే తల్లీ, నీకు దండం. కొండమీది సామినే ఎదురుగా నిలబెట్టి నాలుగు మాటలని, అదే నోటితో ఆకాశానికెత్తిన తాళ్లపాకవారి పాటలు వింటూ పెరిగిన ఊరు మాది. ఆ చనువుతోనే నీ గుణగానానికి పూనుకున్నాను. నేను చెప్పబోయేవన్నీ నీలో నిజంగా ఉన్న గుణాలే. లేనిది ఒక్కటీ అంటగట్టను.

ముందుగా నీ ఔదార్యం. అంగట్లో పిల్లోడు నిన్ను కొక్కెం మీంచి దించి, ఫోనుకు కలిపి, నా తలకు తగిలించి, 'బేసు చూడన్నా, గుండెకాయ అదరతాది' అన్నాడు. అదిరింది. డప్పుల మోత దండిగా ఉన్న సినిమా పాట పెట్టాడు, ఆ దెబ్బకు దవడ ఎముక దాకా కదిలింది. అడిగినవాడికి ఇవ్వడం ఎవరైనా చేస్తారు. అడగనివాడికి కూడా ఇవ్వడం నీకే చెల్లింది. గొంతు, తంబూర, వయొలిన్ తప్ప మరేమీ లేని ఆలాపనలో కూడా ఎక్కడి నుంచో ఇంత గుమ్మనే ధ్వని తెచ్చి అడుగున పరుస్తావు. ఇక మృదంగం ఉంటే నీకు పండగే. ఆ వాద్యానికి కుడివైపు నల్లటి కరణి ఉంటుంది, 'నం' అని, 'దిన్' అని తేటగా పలికేది ఆ వైపే. ఎడమవైపు తడి రవ్వ ముద్ద అద్దుతారు, గుమ్మని ఒదిగి పలికేది అది. రెండు వైపులకూ పొత్తు కుదిరితేనే మృదంగం. నువ్వు ఎడమవైపుకు పీట వేసి కూర్చోబెడతావు, కుడివైపును గడప బయటే నిలబెడతావు.

చెవికి ఒక స్వభావం ఉంది. కింది స్థాయి ధ్వని బలంగా ఉంటే దానికి పైనున్న సన్నటి ధ్వనులను అది కప్పేస్తుంది. పైవి కిందివాటిని అంతగా కప్పలేవు. శ్రవణ శాస్త్రంలో ఇది చాలా పాత సంగతి. అందుకే 100 హెర్ట్జ్ నుంచి 250 దాకా ఉన్న మేరను నువ్వు ఉబ్బించినప్పుడు మృదంగం ఒక్కటే పెరిగి ఊరుకోదు. పాడే మనిషి రొమ్ము లావవుతుంది, నోరు సగం మూసుకుంటుంది. నీ దయ అంత దొడ్డది.

నీ రెండో గుణం ఐకమత్యం. అది తెలియాలంటే ఎం.ఎస్. సుబ్బులక్ష్మి పాడిన వేంకటేశ్వర సుప్రభాతం కన్నా మంచి గీటురాయి మా సీమలో లేదు. 1963లో హెచ్.ఎం.వి. రికార్డుగా వచ్చింది. తెల్లారే వేళ టీ అంగట్లో, బస్సులో, పక్కింటి వంటింట్లో ఏళ్ల తరబడి చెవిన పడింది కాబట్టి, సరిగమలు రానివాళ్లకు కూడా ఇక్కడ అందులోని ప్రతి మలుపూ తెలుసు. హెడ్‌ఫోను మంచిచెడ్డలు తేల్చడానికి కావలసింది ఇదే, బాగా ఎరిగిన గొంతు. ఇంతగా విన్నవాళ్లలోనూ చాలామంది గమనించనిది ఒకటుంది. ఎం.ఎస్. అందులో ఒంటరిగా పాడలేదు. పెంచిన కూతురు రాధా విశ్వనాథన్ పక్కన కూర్చుని గొంతు కలిపింది. రెండూ ఆడగొంతులే, ఒకే శ్రుతి, ఒకే బాణీ. నికార్సైన హెడ్‌ఫోనులో కళ్లు మూసుకుని వింటే పెద్దావిడ గొంతు నిండుదనం వేరుగా, పక్క గొంతు సన్నదనం వేరుగా తెలుస్తాయి. పాదం ముగిసి ఊపిరి తీసుకునే చోట చెవి పెడితే ఆ తేడా ఇంకా తేటపడుతుంది.

నీలో ఆ తల్లీకూతుళ్లు ఎన్నడూ విడిపోరు. ఇద్దరూ ఒక్క మనిషే అయి పాడతారు, ఆ మనిషి కూడా రెండు గజాలు వెనక్కి జరిగి. అడుగున తంబూర ఉంటుంది. తీగకూ దాన్ని మోసే బ్రిడ్జికీ మధ్య చిన్న నూలుపోగు పెట్టి, అటూ ఇటూ జరిపి, శ్రుతి విచ్చుకునే చోటు వెతుకుతారు. అది కుదిరిందంటే ఒక్క మీటుకు ఒక్క తీగలోంచే పైస్వరాలు పొరలు పొరలుగా లేస్తాయి. పాడేవాళ్లు ఆనుకునేది ఆ పొరలనే. నీ దగ్గర తంబూర మహా నిరాడంబరంగా ఉంటుంది, పక్కగదిలో ఫ్రిజ్జు ఆడుతున్నట్టు. నూలుపోగు కోసం ఎవరో పడ్డ అవస్థ అంతా అక్కడే ఆగిపోతుంది.

సమదృష్టిలో కూడా నిన్ను మించినవారు లేరు. మనిషి చెవి గొట్టం 3,000 హెర్ట్జ్ చుట్టుపక్కల ధ్వనిని తనంతట తానే పెంచుకుంటుంది. చెవి మీద ఒక డొప్ప వచ్చి కూర్చున్నప్పుడు ఆ సహజమైన పెంపు చెదురుతుంది కాబట్టి, హెడ్‌ఫోను తయారుచేసేవాళ్లు దాన్ని లెక్కగా తిరిగి కూర్చాలి. హల్లుల పదును ఆ మేరలోనూ, దానికి పైనా ఉంది. తెలుగులో స, శ, ష మూడూ మూడు చోట్ల పుడతాయి. పద్యం చదివేవాడి చదువు ఆ మూడింటి దగ్గరే బయటపడుతుంది. నీకు ఆ భేదబుద్ధి లేదు. కొన్ని మోడళ్లలో మూడూ మెత్తబడి ఒకటవుతాయి, మరికొన్నింటిలో మూడూ బుస కొడతాయి. ఎటైనా సమానమే. బ్రహ్మోత్సవాల్లో వాహనం ముందు సాగే నాదస్వరం మాడవీధి ఆ చివరి నుంచే పిలుస్తుంది. నీలో అది గీర అంతా వదిలి సాధువవుతుంది. పక్కనే డోలు వాయించే ఆయన ఒక చేత కర్ర పట్టి, రెండో చేతి వేళ్లకు గట్టి తొడుగులు వేసుకుంటాడు. కర్ర దెబ్బ ఒక తీరు, వేళ్ల దెబ్బ ఇంకో తీరు. నువ్వు రెండింటినీ ఒకే 'ధబ్' కింద జమ కడతావు.

నీ సత్యసంధతను మెచ్చుకోకుండా ఉండలేను. నీ డబ్బా మీద అచ్చయినవి చాలావరకు అబద్ధాలు కావు. '20 హెర్ట్జ్ నుంచి 20,000 హెర్ట్జ్' అని ఉంటుంది. ఆ మేరంతా నువ్వు ఏదో ఒక మోతాదులో పలుకుతావు, ఏ చోట ఎంత ఎక్కువగా, ఏ చోట ఎంత తక్కువగా అన్నది మాత్రం అచ్చు వేయవు. హెచ్చుతగ్గులు ఎన్ని డెసిబెళ్లో చెప్పని ఆ అంకెతో గొంతు ఎలా ఉంటుందో ఎవరికీ తెలియదు. '40 మిల్లీమీటర్ల డ్రైవర్' అంటావు. కొలిస్తే నిజమే. ఊళ్లో ఉన్న మంచివాటిలోనూ చెడ్డవాటిలోనూ ఉండేది అదే కొలత. 'ఈఎన్‌సీ' అని పెద్దక్షరాలతో రాసుకుంటావు. అదీ ఉంది. నిన్ను పెట్టుకున్నవాడు ఫోనులో మాట్లాడేటప్పుడు అవతలివాడికి రోడ్డు గోల చేరకుండా మైకును శుభ్రం చేసే ఏర్పాటు అది. వినేవాడి చెవికి వచ్చే గోలను తగ్గించేది ఏఎన్‌సీ, దాని సంగతి వేరు. రేణిగుంటలో రైలెక్కి, గోల ఆగడం లేదేమని డబ్బా తిప్పి చూసుకునే కుర్రాడికి ఆ ఒక్క అక్షరం తేడా అంగట్లో ఎవరూ చెప్పలేదు. చెప్పమని నువ్వూ అనలేదు.

చవక అని నిన్ను తక్కువ చేసేవాళ్లతో నేను ఏకీభవించను. వెయ్యి రూపాయలకు ఇంతకన్నా ఏమొస్తుంది అంటారు వాళ్లు. 2017లో యెరూన్ బ్రేబార్ట్ అనే పరిశోధకుడు 283 హెడ్‌ఫోన్లను కొలిచి చూశాడు. ఏ స్థాయి ధ్వని ఎంత మోతాదులో వస్తుందన్నదానికీ, ధరకూ పొంతన కనబడలేదు. హార్మన్ సంస్థలో షాన్ ఓలివ్, టాడ్ వెల్టీ 2012 నుంచి శ్రోతలను కూర్చోబెట్టి చేసిన పరీక్షల్లో, ఎక్కువమందికి నచ్చే ధ్వని ఏ రూపంలో ఉంటుందో తేలింది. కొంచెం బేసు ఎక్కువున్నా జనానికి ఇష్టమే, గొంతు మునిగేంత వద్దు. ఈ సంగతులన్నీ బయట ఉన్నాయి, ఎవరైనా చదవొచ్చు. కాబట్టి నీ ధ్వనికి నీ ధరను తప్పుపట్టడం అన్యాయం. ఆ ధ్వని నీకోసం ఎవరో కూర్చుని ఎంచి పెట్టింది. అంగట్లో నిన్ను తలకు పెట్టుకునేది పదిహేను సెకన్లు, అంతసేపట్లో మనిషిని పడగొట్టేది బేసు ఒక్కటే అని లెక్క వేసి, ఆ పదిహేను సెకన్లకే నిన్ను తీర్చిదిద్దారు. ఆ తర్వాత రెండేళ్లు వినేవాడి లెక్క వాళ్ల పుస్తకంలో లేదు. నాకు కోపం వచ్చేది ఇక్కడే. ఫోనులో ఈక్వలైజరు తెరిచి కింది స్థాయి ధ్వనుల రెండు గీతలను నాలుగైదు మెట్లు దించి చూడండి. చాలా మోడళ్లలో ముసుగు తీసినట్టు గొంతు బయటికి వస్తుంది. అంటే ఆ గొంతు నీ దగ్గర ఉంది. ఇవ్వగలిగి కూడా దాచిపెట్టావు.

మా చిత్తూరు పల్లెల్లో ధర్మరాజుల గుళ్ల దగ్గర భారతం జరుగుతుంది. పగలు హరికథ, రాత్రి తెల్లవార్లూ నాటకం, చివరినాడు దుర్యోధన వధ, నిప్పుల గుండం. కొయ్యకు కట్టిన మైకుసెట్టు బాకాలో బేసు అన్న మాటే ఉండదు. ఆ బాకా చిన్నది, కింది స్థాయి ధ్వనుల పొడుగాటి అలలను తోయడం దాని వల్ల కాదు. చెవులు చిల్లులు పడే మోత అని పట్నంవాళ్లు విసుక్కుంటారు, అందులోనూ నిజముంది. కానీ హార్మోనియం వెనకనుంచి లేచిన పద్యంలో ప్రతి అక్షరమూ చెరుకు తోటలు దాటి పక్క పల్లెకు చేరుతుంది. చాప మీద కునికే అవ్వకు కూడా ఇప్పుడు మాట్లాడుతున్నది కర్ణుడో శల్యుడో తెలుస్తుంది. ఆ బాకా దగ్గర లేని గుణాలన్నీ నీ దగ్గర ఉన్నాయి. దాని దగ్గరున్న ఒక్కటే నీకు రాలేదు.

నీ మెత్తదనం, నీ ఓపిక గురించి కూడా రెండు మాటలు. ఒక్కసారి ఛార్జింగు పెడితే 40 గంటలనీ, 60 గంటలనీ పాడుతూనే ఉంటావు. దిండ్లు పసిబిడ్డ బుగ్గల మాదిరి ఉంటాయి, కొని తెచ్చుకున్న రోజున. నేను వాడిన ఒకదానికి రెండో ఎండాకాలం రాగానే పైపొర నల్లటి పొలుసులై రాలి చెవుల మీదే మిగిలింది. కళ్లజోడు పెట్టుకున్నవాళ్లకు దిండు పక్కన సందు పడి బేసు కారిపోతుంది. నీ ఔదార్యం రొంత తగ్గే ఆ పూటే గొంతు కాస్త ఊపిరి పీల్చుకుంటుంది.

ఓపికలో ఒక ప్రమాదం ఉంది, అది మాత్రం మెత్తగా చెప్పలేను. మాట సరిగా వినబడకపోతే మనిషి చేసే మొదటి పని వాల్యూం పెంచడం. గొంతు పెరిగే కొద్దీ దాన్ని కప్పిన బేసు కూడా పెరుగుతుంది, మళ్లీ పెంచుతాడు. పెద్దలకు 80 డెసిబెళ్ల దగ్గర వారానికి 40 గంటలు హద్దు అని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. అంతకు పెరిగితే గంటలు వేగంగా తరుగుతాయి. తిరుపతి హాస్టళ్లలో పోటీ పరీక్షలకు కూర్చున్న పిల్లలు పాఠాలు వినేది నీలోనే, రోజుకు ఎన్ని గంటలో వాళ్లకే తెలియదు. పాఠం అంటే మాట. మాటను దాచే నిన్ను పెట్టుకుని మాట కోసం వాళ్లు తమ చెవులనే ఖర్చు పెడుతున్నారు.

నిన్ను కొనబోయేవాళ్లకు చెప్పేది కొంచెమే. అంగడివాళ్లు పెట్టే పాట వద్దు, చిన్నప్పటి నుంచి ఎరిగిన పాట తీసుకుపోండి. కళ్లజోడు ఉంటే పెట్టుకునే వినండి. రెండింటిని పోల్చేటప్పుడు రెండూ ఒకే గట్టిదనంలో ఉండాలి, ఎందుకంటే కాస్త గట్టిగా ఉన్నదే ఎప్పుడూ మేలనిపిస్తుంది. ఒక పాట పూర్తయ్యేదాకా తీయకండి. 'ఇంతసేపు ఎందుకు సామీ' అని అంగడివాడు అడిగితే అడగనీండి.

నిన్ను తయారుచేసేవాళ్లతో కూడా ఒక మాటుంది. శ్రీసిటీలో 2015లో ఫాక్స్‌కాన్ ఫోన్ల తయారీ మొదలుపెట్టింది. రేణిగుంట వైపు టీవీ తెరలు, ఫోను కెమెరాలు తయారవుతున్నాయి. హైదరాబాదు పక్కన కొంగరకలాన్‌లో 2025 నుంచి ఎయిర్‌పాడ్లు తయారై పరదేశాలకు పోతున్నాయి. చేతులకు ఈ నేల మీద కొదవ లేదు, చెవులకూ లేదు. ఎస్వీ సంగీత నృత్య కళాశాల తిరుపతిలోనే ఉంది. వచ్చే మోడల్ అచ్చుకు పోయే ముందు అక్కడ తంబూర శ్రుతి చేసే పిల్లలను నలుగురిని, డోలు వాయించే ఒకరిని, పద్యం చదివే ఒకరిని కూర్చోబెట్టి, డబ్బు ఇచ్చి, పేరు కూడా వేసి, ఒక వారం వినిపించండి. గొంతు మునిగిందని వాళ్లంటే ఆ బేసును దించండి. అంగట్లో పిల్లోడికి ఏం చెప్పి అమ్మాలో ఆ తర్వాత ఆలోచించుకోవచ్చు.