తగు చర్యలు తీసుకొనబడును: టీకా తాత్పర్య సహితము

అవతారిక

కాళిదాసు కావ్యాలకు టీకలు రాసిన కోలాచలం మల్లినాథ సూరి మన మెదకు సీమవాడు. మూలంలో లేనిది రాయనని, అక్కర్లేనిది చెప్పనని ఆయన ముందే ఒట్టు పెట్టుకున్నాడు. ఎదురుగా ఉన్నది కాళిదాసు కాబట్టి ఆ ఒట్టు చెల్లింది. మన ఎదుట ఉన్నది కార్యాలయపు కాగితం. ఇందులో చెప్పినదంతా అక్కర్లేనిదే, అక్కరకు వచ్చేదేదీ ఇందులో లేదు. కనుక ఆ ఒట్టు గట్టున పెట్టి టీకకు దిగుతున్నాం.

గ్రంథకర్త ఎవరో తెలియదు. ఇచ్ఛాపురం నుంచి తడ దాకా ఏ ఆఫీసు దస్త్రంలో వెతికినా ఈ వాక్యం దొరుకుతుంది. అయినా వ్యాఖ్యానానికి తాడేపల్లినే ఎంచుకోవడానికి కారణం ఉంది. అది ముందు ముందు తేలుతుంది.

మూలము

పరిపాలనా కారణముల దృష్ట్యా, సంబంధిత అధికారిచే తగు చర్యలు త్వరలో తీసుకొనబడును.

ప్రతిపదార్థము

పరిపాలనా = పరి యనగా చుట్టును, పాలన యనగా ఏలుట; అర్జీదారుని చుట్టూ తిప్పుచు ఏలుట యొక్క;
కారణముల = బయటికి చెప్పరాని హేతువుల యొక్క (ఒక్కటే యన్నచో అదేదని అడుగుదురు గనుక బహువచనము);
దృష్ట్యా = చూపు వలన (ఎవరి చూపో గ్రంథకర్త చెప్పలేదు);
సంబంధిత = ఈ పనితో సంబంధము కలిగినట్టియు, ఈ పూట సీటులో లేనట్టియు;
అధికారిచే = క్యాంపునకు వెళ్లిన వారిచేత;
తగు = ఎవరికి తగునో వారికే ఎరుకైన;
చర్యలు = నోట్ ఫైలు పెట్టుట, పైకి పంపుట, పైనుండి రిమార్కుతో తిరిగి వచ్చినదానిని మరల పెట్టుట మొదలగు క్రియలు;
త్వరలో = క్యాలెండరుతో నిమిత్తము లేని ఒకానొక కాలమునందు;
తీసుకొనబడును = తమంతట తామే జరుగును.

వ్యాకరణ విశేషము

ఇది కర్మణి ప్రయోగం. తెలుగువాడి నోటికి ఇది ఎక్కదు. గుంటూరు మిర్చియార్డులో ఎవడూ “నాచే టిక్కీ దింపబడెను” అనడు, “దింపాను” అంటాడు. మరి ఆఫీసు తెలుగులో ఇది ఎందుకింత బలంగా నిలిచింది? కర్తరి వాక్యంలో కర్త ముందు కూర్చుంటాడు, పేరు చెప్పాలి. కర్మణిలో కర్త తృతీయా విభక్తి చాటుకు పోతాడు. ఇంకాస్త పొదుపుగా రాస్తే అదీ ఎగిరిపోయి “చర్యలు తీసుకొనబడును” మిగులుతుంది. వాక్యానికి లోటేమీ కనబడదు. లోటంతా అర్జీదారుడిదే.

పాఠాంతరములు

“పరిపాలనా సౌలభ్యము కొరకు” అని కొన్ని ప్రతుల్లో ఉంది. సౌలభ్యం పాలించేవారికా, పాలింపబడేవారికా అన్నది అక్కడా తేలదు.

తాడేపల్లివారికి పాఠాంతరాలు కొత్త కాదు. 2014లో రాజధాని ప్రాంతం కోసం సీఆర్‌డీఏ చట్టం వచ్చింది. 2020లో దాన్ని రద్దు చేసి ఏఎంఆర్‌డీఏ అన్నారు. 2021 నవంబరులో ఆ రద్దునే రద్దు చేయగా సీఆర్‌డీఏ తిరిగి వచ్చింది. 2022 మార్చి 3న రాజధాని మీద హైకోర్టు ఇచ్చిన తీర్పుతో మరో వ్యాఖ్య చేరింది. కాళిదాసుకు వెయ్యేళ్లలో పడే పాఠాలు మనకు ఎనిమిదేళ్లలో పడ్డాయి.

శంక, సమాధానము

నులకపేట నుంచి వచ్చిన పూర్వపక్షి ఇలా అడుగుతున్నాడు:

“పంతులుగారూ, ఇదంతా వెటకారం. అసలు అడ్మినిస్ట్రేషన్ అంటే చట్టంలో అర్థం ఏమిటండీ? అది చెప్పండి.”

బాగా అడిగావు నాయనా. చట్టంలో ఆ మాట కనీసం మూడు చోట్ల పని చేస్తుంది.

మొదటిది ప్రమాణం. సాక్షిచేత ప్రమాణం చేయించడాన్ని అడ్మినిస్టర్ చేయడం అంటారు. దీనికి 1969 నాటి ప్రమాణాల చట్టం ఉంది. చేయించేవారెవరో తెలుసు, చేసేవారెవరో తెలుసు, ఏ మాటలు పలకాలో తెలుసు.

రెండోది మందు. ఒకరి ఒంట్లోకి మందు గానీ విషం గానీ ఎక్కించడం కూడా అడ్మినిస్టర్ చేయడమే. హాని చేసే ఉద్దేశంతో ఇస్తే 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత 123వ సెక్షను, అంతకుముందు శిక్షాస్మృతి 328వ సెక్షను. ఇక్కడ కర్త దొరక్కపోతే కేసే నిలవదు. “విషము ఇవ్వబడెను” అని చార్జిషీటు ముగిస్తే ఏ జడ్జీ ఊరుకోడు.

మూడోది ఆస్తి. ఇది కాస్త నిలబడి చూడదగ్గది. వీలునామా రాయకుండా ఒకాయన కాలం చేశాడనుకో. ఆయన ఆస్తిని చక్కబెట్టడానికి కోర్టు ఒకరిని నియమిస్తుంది. 1925 నాటి భారత వారసత్వ చట్టం ఆయన్ని అడ్మినిస్ట్రేటర్ అంటుంది. ఆస్తి ఆయన చేతికి వస్తుంది గానీ ఆయనది కాదు. జిల్లా జడ్జికి పూచీకత్తుతో బాండు రాసివ్వాలి. ఆరు నెలల్లో ఆస్తి జాబితా దాఖలు చేయాలి. ఏడాదిలో లెక్క అప్పజెప్పాలి. ఖర్చుల వరసా చట్టమే చెప్పింది. ముందు అంత్యక్రియల ఖర్చు, ఆ తర్వాత కోర్టు ఖర్చు, ఆ తర్వాత పోయినాయన దగ్గర చివరి మూడు నెలల్లో పనిచేసిన కూలీలకూ ఇంటి పనివాళ్లకూ రావలసిన జీతం. మిగతా అప్పులవాళ్లు ఎంత పెద్దవాళ్లయినా వాళ్ల వెనకే. అన్నీ తీరాక వారసులకు పంచి, ఈయన లేచి వెళ్లిపోవాలి. ఏ అధికారమూ లేకుండా మధ్యలో దూరి ఆస్తిలో చెయ్యి పెట్టినవాడినీ చట్టం వదలదు. నీ తప్పుకు నువ్వే కార్యనిర్వాహకుడివి అంటూ బాధ్యత వాడి మెడకే చుడుతుంది.

“అంటే పరాయి సొత్తును కొన్నాళ్లు పట్టుకుని, లెక్క చెప్పి, తిరిగి ఇచ్చెయ్యడమన్నమాట.”

అదే. మూడింటిలోనూ చేసేవాడెవడో తెలుసు, ఎవరి కోసమో తెలుసు, హద్దు ఎక్కడో తెలుసు. ఈ మూడూ లేకపోతే దాన్ని చట్టం పరిపాలన అనదు.

“మరి తాడేపల్లి సంగతి?”

అక్కడికే వస్తున్నాను. రాజ్యాంగం 243యూ అధికరణం పట్టణ పాలకమండలికి ఐదేళ్ల ఆయువు ఇచ్చింది. గడువు తీరకముందే ఎన్నికలు పూర్తి కావాలి. మధ్యలో రద్దయితే ఆరు నెలల్లోగా జరపాలి. మామూలు జాప్యాలను సాకుగా చూపి ఈ గడువు దాటరాదని 2006లో కిషన్‌సింగ్ తోమర్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. రాష్ట్రంలో చాలా పట్టణాలకు 2021 మార్చిలో ఎన్నికలు జరిగాయి. తాడేపల్లికి జరగలేదు. ఆ ఏడాదే మంగళగిరితో కలిపి నగరపాలక సంస్థ చేశారు. హోదా పెరిగింది. పాలకమండలి మాత్రం లేదు. ఏళ్లు ప్రత్యేకాధికారుల చేతిలో గడిచాయి.

పల్లెలకూ ఈ రుచి తెలుసు. 2018 ఆగస్టులో పంచాయతీల గడువు తీరితే, ఎన్నికలు 2021 ఫిబ్రవరిలో వచ్చాయి. రెండున్నరేళ్లు ప్రత్యేకాధికారుల పాలనే.

“ఊళ్లు కలపాలి, వార్డులు విడదీయాలి, రిజర్వేషన్లు తేల్చాలి. పని ఉంటుంది కదండీ.”

ఉంటుంది. పోయినాయన ఆస్తిలోనూ పని ఉంటుంది, పొలం హద్దులూ బాకీల పద్దులూ అన్నదమ్ముల పేచీలూ ఉంటాయి. అయినా చట్టం ఆరు నెలలంది, ఏడాదంది. వ్యవధి చాలకపోతే కోర్టుకెళ్లి గడువు అడగాలి. మన ఊరి విషయంలో గడువెవరు అడిగారు, ఎవరిచ్చారు?

ఇంకో చిత్రం చూడు. యజమాని చనిపోతేనే ఆస్తికి అడ్మినిస్ట్రేటర్ వస్తాడు. ఇక్కడ యజమానులు నిక్షేపంలా ఉన్నారు. ఇంటిపన్ను కడుతున్నారు, నీటిపన్ను కడుతున్నారు, ఉండవల్లి సెంటర్‌లో టీ తాగుతున్నారు. అసెంబ్లీకీ పార్లమెంటుకీ ఓటేసి వేలికి సిరా కూడా చూపించారు. వార్డు మనిషిని ఎన్నుకోవడానికి మాత్రం వాళ్లు కాగితాల మీద లేనివాళ్లయ్యారు.

అలంకారము

విరోధాభాసం. లక్ష్యం: 2019 నుంచి 2024 వరకు ముఖ్యమంత్రి క్యాంపు కార్యాలయం తాడేపల్లిలోనే ఉంది. ఆయనకు ముందూ తర్వాతా ముఖ్యమంత్రి అయినాయన నివాసం ఇదే మండలం ఉండవల్లిలో, కృష్ణ ఒడ్డున. రాష్ట్రమంతటికీ ఉత్తర్వులు ఈ మండలం నుంచే నడిచాయి. ఈ ఊరి మురుగు కాలువ గురించి అడగడానికి మాత్రం ఏళ్ల తరబడి ఒక కౌన్సిలరు లేకపోయాడు. ఇద్దరు ముఖ్యమంత్రుల కాలానికీ ఇది వర్తిస్తుంది గనుక శ్లేష అని కూడా కొందరు.

2019 అక్టోబరు 2న వార్డు సచివాలయాలు వచ్చాయి కదా అంటే, వచ్చాయి. సర్టిఫికెట్ల కోసం తిరిగే దూరం నిజంగానే తగ్గింది. అక్కడ ఒక ఉద్యోగి హోదా పేరే వార్డు అడ్మినిస్ట్రేటివ్ సెక్రటరీ, జనం నోట “అడ్మిన్”. అడ్మిన్ గారికి పేరుంది, కుర్చీ ఉంది, ఫోను చేస్తే పలుకుతారు. కర్త ఉన్నాడు. కానీ కాలువ ఎటు తవ్వాలో, డబ్బు ముందు దేనికి పెట్టాలో తేల్చే అధికారం ఆ కుర్చీకి లేదు. అది తేల్చవలసిన సభ ఏళ్ల తరబడి ఖాళీగా ఉండిపోయింది.

తాత్పర్యము

పరిపాలన చట్టం దృష్టిలో అప్పగింత. అప్పగింతకు పేరు, గడువు, లెక్క ఉండాలి. పై మూలవాక్యంలో పేరు “సంబంధిత” అయింది, గడువు “త్వరలో” అయింది, లెక్క “కారణముల దృష్ట్యా” అయింది. ఈ వాక్యం రాసిన గుమాస్తా చెడ్డవాడు కానక్కర్లేదు. పైవాళ్లు తనకు చెప్పనిది ఆయన మాత్రం మనకెలా చెబుతాడు? అందుకే ఊరికి పాలకమండలి లేని రోజుల్లో ఈ వాక్యం మరీ ఏపుగా పెరుగుతుంది. నిలదీసేవాడు లేని చోట దానికి నీళ్లు పోయనక్కర్లేదు.

ఫలశ్రుతి

ఈ టీక చదివినవారు మూలవాక్యం అందిన రోజునే తెల్లకాగితం తీసుకుని సమాచార హక్కు చట్టం కింద అర్జీ పెట్టుదురు. 2005 నాటి ఆ చట్టంలో 4వ సెక్షను (1)(డి) ఒకటుంది. పరిపాలనా నిర్ణయం వల్ల ప్రభావితులైనవారికి ఆ నిర్ణయపు కారణాలు తెలపాలని అది ప్రభుత్వ సంస్థలకే విధించింది. కాబట్టి “పరిపాలనా కారణములు” అని రాసినవారు ఆ కారణాలేవో చెప్పడానికి ముందే బద్ధులై ఉన్నారు. అర్జీలో మూడు ప్రశ్నలు చాలు: నా కాగితం ఏ హోదా గల అధికారి దగ్గర ఉంది? ఏ తేదీ నుంచి ఉంది? కారణాలు ఏ నోట్ ఫైలులో రాశారు, దాని నకలు ఇవ్వండి. జవాబుకు గడువు 30 రోజులు. రాకపోతే అప్పీలు. కర్మణి వాక్యాన్ని కర్తరిగా మార్చడానికి ఇప్పటికి మన చేతిలో ఉన్న వ్యాకరణం ఇదే.